పోయొస్తానన్న మాట

మా అవ్వ చనిపోయేదాకా నేను దుబాయిలో పనిచేశాననే అనుకుంది. నేను పనిచేసింది మాల్దీవుల్లో. సముద్రం మధ్య ఒక చిన్న దీవి, అందులో ఒక బడి, ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే పని. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు తేడా కనిపించలేదు. "ఇమానం ఎక్కి పోతే దుబాయే గదరా" అనేది. లక్సెట్టిపేటలో మా వీధి వీధంతా అంతే. సెలవుకు వస్తే, "దుబాయి సారు వచ్చిండు" అనేవాళ్లు. నేనూ కొన్నాళ్లకు సరిదిద్దడం మానేశాను.

దానికి ముందు కరీంనగర్‌లో ప్రైవేటు కాలేజీల్లో చెప్పాను. తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వచ్చి ఉట్నూరు వైపు ఒక హైస్కూల్లో చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఈ మధ్య మా జిల్లాల నుంచి టీచర్లుగా బయటి దేశాలకు పోయే పిల్లలు ఎక్కువయ్యారు. కొందరు నాకు ఫోన్ చేస్తారు. జీతం, వీసా, గది గురించి అడుగుతారు. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. అక్కడ దిగిన మొదటి వారంలోనే ఒక ప్రశ్న మిమ్మల్ని పట్టుకుంటుంది. దీని తర్వాత ఏం చేయాలి? ఇక్కడే ఉండాలా, ఇంకో దేశం పోవాలా, ఇంటికి పోవాలా? ఆ ప్రశ్నతో నేను చాలా చెడ్డగా బతికాను. దానితో బాగా బతికిన ఇద్దరిని దగ్గర నుంచి చూశాను. వాళ్ల గురించి రాస్తున్నాను.

సాయంత్రం పంచాయితీ

మా దీవిలో బయటి దేశాల టీచర్లం కొద్దిమందిమి. కేరళ వాళ్లు, తమిళులు, ఒక శ్రీలంకాయన, తెలుగువాళ్లం ఇద్దరం. సాయంత్రం పడవలు కట్టేసే చోట తాళ్లతో అల్లిన కుర్చీల్లో కూర్చునేవాళ్లం. మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే వచ్చేది. బోట్స్వానాలో తీసుకుంటున్నారట. ఒమన్‌లో కుటుంబాన్ని తెచ్చుకోనిస్తారట. కెనడాకు ఏదో పరీక్ష రాయాలట. వీళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు, ఏళ్ల తరబడి వెళ్లిపోతూనే ఉన్నారు. నేను ఆ సభలో అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర లేచేవాణ్ని.

రాని మనిషి ఒక్కడే, సాంబయ్య. సిరిసిల్ల వాడు. మగ్గాల ఇంట్లో పుట్టి, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో చదువుకుని లెక్కల టీచరైనవాడు. అతను వచ్చిన రోజే నాతో అన్నాడు, "నాలుగేండ్లుంట అన్నా. తర్వాత సిరిసిల్ల పోయి ట్యూషన్ పెట్టుకుంట." అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. సాయంత్రాలు బడి వరండాలో వెనకబడిన పిల్లలను కూర్చోబెట్టుకుని భిన్నాలు చెప్పేవాడు.

ఒకసారి నేను సభకు పోతుంటే వరండాలోంచి పిలిచాడు.

"అన్నా, ఇయ్యాల ఏ దేశం?"

"జర మజాక్ చెయ్యకు సాంబయ్యా. నీకేం ఫికర్ లేదు."

"ఫికర్ ఎందుకు లేదు? వచ్చిన దినమే చేసి అవగొట్టిన. మీకైతే బడి పార్ట్‌టైం, గీ పంచాయితీ ఫుల్‌టైం."

నేను నవ్వి వెళ్లిపోయాను. నిజం చెప్పాలంటే నొప్పి పుట్టింది. ఎందుకంటే క్లాసులో పాఠం చెప్తూ కూడా నేను లోపల ఒమన్ గురించి లెక్కలు వేసుకునేవాణ్ని. పిల్లలు ఆ సంగతి కనిపెడతారు. ఏ దేశం పిల్లలైనా కనిపెడతారు. వాళ్లు నన్ను ప్రశ్నలు అడగడం మానేశారు. క్లాసు నిశ్శబ్దంగా ఉందని నేను సంతోషించాను.

నసీమా మేడమ్

మా మీద సూపర్‌వైజరు నసీమా మేడమ్. ఆ దీవి మనిషే. భర్త చేపల పడవ మీద పోయేవాడు. ఆమె ఇంగ్లీషు మూడో భాషగా నేర్చుకుంది. మాటల్లో చిన్న తప్పులు దొర్లేవి. ఎమ్మే చదివినవాణ్ని, ఈమె నా పాఠం చూసి మార్కులు వేస్తుందా అని నాకు లోపల ఉండేది. ఈ చిన్నచూపు నాకు ఎంతకాలం ఉండిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నేను తెలుగులో రాస్తున్నాను.

ఏ కొత్త టీచరు వచ్చినా ఆమె మొదట అడిగేది ఒకటే. "మీరు ఎప్పుడు వెళ్లిపోతారు?" నన్నూ అడిగింది. నాకు కోపం వచ్చింది. ఇంకా పెట్టె విప్పలేదు, అప్పుడే పంపించే మాటా? ఆమె మెల్లగా చెప్పింది.

"ఇక్కడికి వచ్చినవాళ్లందరూ వెళ్తారు. అది తప్పు కాదు. కానీ డిసెంబరు సెలవులకు పోయి జనవరిలో రాకపోతే నాకు టీచరు దొరకడానికి నెలలు పడుతుంది. పిల్లలు పడవ వచ్చినప్పుడల్లా జెట్టీకి పోయి చూస్తారు. నాకు ముందే 'రాను' అని చెప్పండి. 'రాను' అంటే నేను ఏదో ఒకటి చేసుకోగలను."

"చూద్దాం మేడమ్" అన్నాను.

మన దగ్గర 'చూద్దాం' అంటే ఏమిటో మనకు తెలుసు. పెళ్లిపిలుపుకైనా, చేబదులుకైనా, కాదనలేక అనే మాట అది. ఆమె మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంది. చూసి చెప్తాననే అనుకుంది.

జెట్టీ మీద

కాంట్రాక్టు ముగిసే ఏడాది వచ్చింది. మళ్లీ సంతకం పెట్టడమా మానడమా అన్నది జనవరిలో తిరిగొచ్చి చెప్పవచ్చు. వచ్చే ఏడాది నా క్లాసు పదో తరగతికి వస్తుంది. ఇంగ్లండు నుంచి పేపర్లు వచ్చే పరీక్ష అది. ఇంగ్లీషు గట్టెక్కితేనే రాజధానిలో పైచదువుకు పోతారు, లేకపోతే చాలామంది చదువు ఆ దీవిలోనే ఆగిపోతుంది.

నా దగ్గర అప్పుడు మూడు దారులున్నాయి. దుబాయిలో, ఈసారి నిజం దుబాయిలో, మా బామ్మర్ది తిరుపతి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడి పెట్టాడు. కరీంనగర్‌లో పాత కాలేజీ వాళ్లు రమ్మంటున్నారు. మూడోది ఈ దీవి. ఏదీ తేల్చుకోకుండానే డిసెంబరు వచ్చింది.

పడవ దగ్గరికి నసీమా మేడమ్ వచ్చింది. వెనక క్లాసు పిల్లలు.

"జనవరిలో వస్తున్నారా? రాకపోతే ఇప్పుడే చెప్పండి. ఈరోజే రాజధానికి రాస్తాను."

నేను పడవలో ఒక కాలు పెట్టి అన్నాను, "ఐ విల్ గో అండ్ కమ్, మేడమ్."

ఆమె ముఖం విప్పారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా ఇంట్లో గడప దాటుతూ 'పోత' అంటే అవ్వ వెనక్కి పిలిచి మందలించేది. "పోత అంటరారా? పోయొస్త అనాలె." అంగడికి పోయినా 'పోయొస్త' అనాలి, ఊరికి పోయినా అదే అనాలి. కరీంనగర్‌లో ఎందరో పిల్లల చేత ఈ 'గో అండ్ కమ్' మాన్పించాను. ఇంగ్లీషులో ఆ మాటకు మన అర్థం లేదని, వెళ్లి తిరిగి వస్తానని అది గట్టిగా చెప్పినట్టే అని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆ రోజు నా నోటికే అది వచ్చింది. అలవాటు కొద్దీ వచ్చిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అలవాటు కొంతే. ఆ మాట మర్యాదగా ఉంది, ఎవరి ముఖమూ చిన్నబోలేదు, నేను ఏదీ తేల్చాల్సిన పని లేకుండా పోయింది. అందుకే వచ్చింది.

అంజన్న దగ్గర

ఇంటికొచ్చి కూడా నేను ఊగుతూనే ఉన్నాను. జనవరి వచ్చింది, సగమైంది. తిరుపతి సెలవు మీద వచ్చి రోజూ నన్ను వాయించేవాడు.

"బావా, ఆడ సేట్ రోజు అడుగుతుండు. ఏం చెప్పాలె?"

"చూద్దాం తీ."

"గా సూసుడు ఎన్నడైతది బావా? నా పరువు తీస్తున్నవ్."

నా భార్య లలిత అన్నం వడ్డిస్తూ అంది, "పోత అను, పోను అను. ఏదంటే గదే నాకు మంచిది. గీ నడుమల ఊగుడుతోని మాకు కండ్లు తిరుగుతున్నయ్."

చివరికి అవ్వ కొండగట్టు ప్రయాణం పెట్టింది. అంజన్న ముందర చీటీలు వేద్దామంది. మూడు చీటీలు రాశాం. దర్శనం చేసుకుని బయటికొచ్చి మెట్ల పక్కన కూర్చున్నాం. అవ్వ కొంగులో చీటీలు కలిపి నా ముందు పెట్టింది. నేను కళ్లు మూసుకుని ఒకటి తీశాను. మాల్దీవులు.

"సరిగ్గ కలవలేదు అవ్వా. మళ్ల కలుపు" అన్నాను.

లలిత పకపకా నవ్వింది. "అంజన్నకు గూడ సప్లిమెంటరీ పెడుతున్నవా?"

అవ్వకు నవ్వు రాలేదు. చీటీలు నలిపి కొంగు దులుపుకుంది. "నీకు దేవుడు చెప్పినా ఇనబుద్ధి గాదు, మనుషులు చెప్పినా ఇనబుద్ధి గాదు. ఏం బిడ్డవురా!" అని లేచి బస్సు దిక్కు నడిచింది. ఆమె నా మీద చేసిన అతిపెద్ద ఫిర్యాదు అదే. అందులో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు.

పడవల వ్యాకరణం

ఫిబ్రవరిలో ఒక పొద్దున మా వీధి చివర ఎస్టీడీ బూతు నడిపే మల్లేశం పరుగెత్తుకొచ్చాడు. "సారూ, దుబాయి నుంచి ఫోను! ఆడామె ఇంగ్లీషుల మాట్లాడుతుంది, నాకు పరేషానైతుంది, జల్ది రండ్రి."

నసీమా మేడమ్. తిట్టించుకోవడానికి సిద్ధపడి ఫోన్ పట్టుకున్నాను.

"సర్, ఒక సందేహం. 'ఈచ్ ఆఫ్ ద బోట్స్' తర్వాత 'హ్యాజ్' వస్తుందా, 'హ్యావ్' వస్తుందా?"

"హ్యాజ్" అన్నాను.

"అవునా? పిల్లలు కూడా అదే అన్నారు. నేను బోర్డు మీద 'హ్యావ్' రాశాను. బోట్స్ చాలా ఉన్నాయి కదా అనుకున్నాను. సరే సర్, థాంక్యూ."

పెట్టేయబోయింది. నేను ఆపాను. "మేడమ్, ఏ క్లాసుకు చెప్తున్నారు?"

"మీ క్లాసుకే. మీరు వచ్చేదాకా."

"ఇంకో టీచరును అడగలేదా?"

"ఎందుకు అడుగుతాను? మీరు వస్తానన్నారు కదా."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నేను తప్పించుకునేవాణ్ని. ఎత్తిపొడిస్తే కోపం తెచ్చుకోవచ్చు, కోపం వస్తే మానేయవచ్చు. ఆమె నిజంగానే నమ్మి కూర్చుంది. తన సూపర్‌వైజరు పని చూసుకుంటూ, మిగిలిన వేళల్లో తనకు సరిగ్గా రాని వ్యాకరణం చదువుకుని, నా క్లాసుకు చెప్తోంది.

ఇంటికొచ్చి పెట్టె తీశాను. లలిత చూసి దగ్గరికొచ్చింది. బట్టలు మడతపెట్టసాగింది. "తిరుపతికి నేనే చెప్త తీ" అని మాత్రం అంది.

పిల్లల ముందు

దీవికి చేరేసరికి ఫిబ్రవరి చివరికొచ్చింది. నసీమా మేడమ్ నన్ను తిన్నగా క్లాసుకు తీసుకుపోయింది. "ఎందుకు ఆలస్యమైందో వాళ్లకు మీరే చెప్పండి" అని వెనక బల్ల మీద కూర్చుంది.

జ్వరం వచ్చిందని చెప్పాలనుకున్నాను. ఆమె వైపు చూసి మానేశాను. "రావాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను" అన్నాను.

ముందు వరసలో ఐషా అనే అమ్మాయి చేయెత్తింది. మునుపు నా క్లాసులో నోరు విప్పని పిల్ల. "సర్, ఆలోచించడం అయిపోయిందా, ఇంకా ఉందా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే, అక్కడ నిలబడే, నా జీవితంలో మొదటిసారి ఒక విషయం తేల్చి చెప్పాను. "మీ పరీక్ష అయ్యేదాకా ఉంటాను. పరీక్ష కాగానే వెళ్లిపోతాను. మళ్లీ రాను." అవ్వ వింటే మందలించేది. పిల్లలు మాత్రం తలలూపి పుస్తకాలు తీశారు. నసీమా మేడమ్ లేచి బయటికి వెళ్లింది.

తర్వాతి వారాల్లో నేను చూసింది ఇది. ఆ పిల్లలు మాట్లాడుతున్నారు. ఇంగ్లీషులో తగువులాడుతున్నారు. ఆమె ఏం చేసిందో ఐషా చెప్పింది. మొదటి రోజే మేడమ్, "నాకు తప్పులొస్తాయి, మీరు పట్టుకోవాలి" అందట. తప్పు పట్టుకోవాలంటే వినాలి, చదవాలి, ఎందుకు తప్పో నోటితో చెప్పాలి. నేను రెండేళ్లు వాళ్ల తప్పులు దిద్ది వాళ్ల నోళ్లు మూయించాను. ఆమె తన తప్పులు వాళ్ల చేతికిచ్చి నోళ్లు తెరిపించింది. నా వృత్తిలో నేను నేర్చుకున్న అతిపెద్ద పాఠం అదే. బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పినా చిన్నచూపు ఉన్న చెవికి ఎక్కి ఉండేది కాదు.

ఆ ఏడాది నేను సాయంత్రం సభకు పోలేదు. సాంబయ్య వరండాలో రెండో మూలకు నా పిల్లలు వచ్చారు. "రండ్రి రండ్రి, పార్ట్‌టైం సారు పర్మనెంటైండు" అన్నాడు సాంబయ్య.

పరీక్షలైపోయాయి. అందరూ గట్టెక్కలేదు. చాలామంది గట్టెక్కారు, ఐషా రాజధానికి పోయింది. పరీక్షల చివరి వారంలో నాకు కొత్త బుద్ధి పుట్టింది. ఈ పని ఇంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పోయి నసీమా మేడమ్‌ను అడిగాను, "నేను ఇంకో రెండేళ్లు ఉంటాను."

ఆమెకూ ఇష్టమేనని ముఖంలో తెలిసింది.

"కుదరదు సర్. మీరు వెళ్తానన్నారు. ఆ రోజు మధ్యాహ్నమే నేను రాజధానికి రాశాను. కొత్త టీచరు దొరికాడు, జనవరిలో వస్తున్నాడు. దానికోసం తన దేశంలో ఉన్న ఉద్యోగం మానేశాడు."

"ఒక్క మాట నన్ను అడగాల్సింది మేడమ్."

"మీరు తేల్చి చెప్పారు కదా" అంది ఆశ్చర్యంగా. "ఇంకా ఏం అడగాలి?"

నా మాట మీద ఆధారపడి ఆమె రెండుసార్లు పని చేసింది. మొదటిసారి నష్టం ఆమెకు, రెండోసారి నాకు. రెండుసార్లూ ఆమె ఒక్కలాగే నమ్మింది. ఇంత సూటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఉట్నూరు దారిలో

చేతిలో ఏ ఉద్యోగమూ లేకుండా దిగాను. కరీంనగర్ పాత కాలేజీలో నా స్థానం నిండిపోయింది, దుబాయి సేటు ఇంకొకరిని పెట్టుకున్నాడు. సాంబయ్య అన్నట్టే నాలుగేళ్లకు తిరిగొచ్చి ట్యూషన్ పెట్టుకున్నాడు. కొన్నాళ్లు అతని దగ్గరే పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఆ తర్వాత ప్రభుత్వ పరీక్ష రాసి నెగ్గాను. పోస్టింగు ఉట్నూరు అవతల అడవి ఊళ్లో. చాలామంది అక్కడ చేరుతూనే మంచిర్యాలకో కరీంనగర్‌కో ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతారు.

హెడ్‌మాస్టరు మోతీరాం సార్, గోండు మనిషి. ఆ బడిలోనే చదివి ఆ బడికే వచ్చినవాడు. చేరిన రోజు కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు.

"సారూ, మనసుల పెట్టుకోకుండ్రి, ఒక మాట అడుగుత. ఎన్ని దినాలుంటరు?"

నోటి చివరిదాకా 'చూద్దాం సార్' వచ్చింది. మింగాను.

"మూడేళ్లుంటాను. అయ్యాక ఉంటానో పోతానో మీకే ముందు చెప్తాను."

ఆయన గట్టిగా నవ్వాడు. "మూడేండ్లా! ఈడికి వచ్చినోళ్లు ఎవ్వలు గిట్ల లెక్క చెప్పలే. అబద్ధమైనా మంచిగనే ఉన్నది. పదో తరగతి తీసుకోండ్రి."

ఆ క్లాసు పిల్లలకు ఇంట్లో గోండి, బయట మరాఠీ, బడిలో తెలుగు, ఆపైన నా ఇంగ్లీషు. మొదటి రోజే వాళ్లతో అన్నాను, మీ గోండి నాకు నేర్పండి, నేను తప్పు మాట్లాడితే పట్టుకోండి అని. పట్టుకున్నారు. పట్టుకుని పట్టుకుని నవ్వారు. నా ఇంగ్లీషు వాళ్ల నోటికి రావడానికి దారి అక్కడ మొదలైంది.

మూడేళ్లయ్యాయి. ట్రాన్స్‌ఫర్ల కాలం వచ్చింది. బడి అయ్యాక మోతీరాం సార్ గదికి పోయాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడి చేయి చాపాడు, వీడ్కోలు చెప్పడానికి.

"ఇంకో మూడేళ్లుంటాను సార్" అన్నాను.

ఆయన చేయి అట్లాగే గాలిలో ఉండిపోయింది. మెల్లగా కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"చాయ్ తాగుతరా?" అన్నాడు.